పదమూడు కాలనీల కథలో మన సరిహద్దు ఊరికి ఒక పాఠం

అమెరికాలో స్థిరపడ్డ మన వాళ్ళ పిలకాయలు ఐదో తరగతికల్లా పదమూడు కాలనీల పేర్లు గడగడా అప్పజెప్పేస్తారు. వర్జీనియా, మసాచుసెట్స్, పెన్సిల్వేనియా అంటూ వేళ్ళు మడిచి లెక్కపెడతారు. అదే పిలకాయల్ని "మీ తాతల ఊరు ఆర్.కె.పేట ఇంతకుముందు ఏ రాష్ట్రంలో ఉండేది?" అని అడిగితే తెల్లమొహం వేస్తారు. వాళ్ళని అని ఏం లాభం? ఇక్కడే పుట్టి ఇక్కడే తిరిగే మన ఇళ్ళ పిల్లలకు కూడా 1960కి ముందు మనం చిత్తూరు జిల్లా వాళ్ళమన్న సంగతి తెలీదు.

2026 జులై 4కి అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకు 250 ఏళ్ళు. ఆ దేశం కాలనీల నుంచి దేశంగా ఎలా మారిందో మన పెద్దవాళ్ళూ తెలుసుకోవాలని మేము అనుకుంటున్నాం. అది పరాయి కథేం కాదు. అందులో మన చెన్నపట్నం ఉంది, మన షోళింగర్ ఉంది. అంతకన్నా ముఖ్యంగా, కొత్త గీతలు గీసి కొత్త రాజ్యం కట్టేటప్పుడు అందులో తక్కువ సంఖ్యలో ఉన్నవాళ్ళకు ఏం మాట ఇచ్చారు, ఆ మాట ఎవరి వల్ల నిలబడింది అన్న ప్రశ్న ఉంది. తమిళనాట తెలుగు కుటుంబాలుగా మనకు కావాల్సిన ప్రశ్న అదే.

రెండు కంపెనీలు, రెండు తీరాలు

ఇంగ్లీషు రాణి 1600 డిసెంబరు 31న ఈస్టిండియా కంపెనీకి పట్టా ఇచ్చింది. ఆరేళ్ళకు, 1606లో, తర్వాతి రాజు వర్జీనియా కంపెనీకి ఇంకో పట్టా ఇచ్చాడు. ఆ రెండో కంపెనీ మనుషులు 1607లో అమెరికా తీరంలో జేమ్స్‌టౌన్ కట్టుకున్నారు. మొదటి కంపెనీ తరఫున ఫ్రాన్సిస్ డే 1639లో దామర్ల వెంకటప్ప నాయకుడి దగ్గర సముద్రపొడ్డున ఒక ఇసుక నేల రాయించుకున్నాడు. ఆ నాయకులు చంద్రగిరి రాయల సామంతులు, తెలుగువాళ్ళు. వెంకటప్ప తండ్రి చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం అయింది.

రెండు చోట్లా మొదలు ఒకటే అయినా నడక వేరైపోయింది. అక్కడికి పోయినవాళ్ళు పెళ్ళాం బిడ్డలతో, నాగలితో కాపురానికి పోయారు. 1619లోనే వర్జీనియాలో తమ ప్రతినిధుల సభ పెట్టుకున్నారు. ఇక్కడికి వచ్చినవాళ్ళు బట్ట కొనుక్కోవడానికి వచ్చి కోట కట్టుకున్నారు. అక్కడ సభ పుట్టింది, ఇక్కడ గిడ్డంగి పుట్టింది. ఆ తేడానే తర్వాతి 150 ఏళ్ళ చరిత్రను నడిపించింది.

రెండు తీరాలకూ చుట్టరికం మాత్రం తెగలేదు. బోస్టన్‌లో పుట్టిన ఎలిహు యేల్ 1687 నుంచి 1692 దాకా మద్రాసు కోటకు గవర్నరు. ఇక్కడ సంపాదించిన డబ్బుతో ఇంగ్లండులో ఉంటూ 1718లో కనెక్టికట్ కాలనీలోని ఒక చిన్న కాలేజీకి పుస్తకాలు, తొమ్మిది బేళ్ళ సరుకు పంపాడు. ఆ సరుకు అమ్మితే 562 పౌన్లు వచ్చాయి. ఆ కాలేజీ ఆయన పేరు పెట్టుకుంది. ఇవాళ మన పిల్లలు సీటొస్తే చాలని మొక్కుకునే యేల్ యూనివర్సిటీ అదే. పొదటూరుపేటలో, అమ్మయ్యార్‌కుప్పంలో మగ్గాల చప్పుడు విని పెరిగిన మనకు బట్టల బేళ్ళకూ ఆ యూనివర్సిటీకీ ఉన్న ఈ సంబంధం గుర్తుండాలి.

షోళింగర్, యార్క్‌టౌన్

ఇంగ్లీషువాళ్ళు, ఫ్రెంచివాళ్ళు 1756 నుంచి 1763 దాకా లోకమంతా తిరిగి కొట్టుకున్నారు. అమెరికాలో క్విబెక్ దగ్గర, మన వైపు 1760లో వందవాసి దగ్గర. ఇంగ్లీషువాళ్ళు గెలిచారు కానీ ఖజానా ఖాళీ అయింది. ఆ అప్పు తీర్చుకోవడానికి 1765లో అమెరికా కాలనీల మీద స్టాంపు పన్ను వేశారు. అదే 1765లో మొగలు చక్రవర్తి ఫర్మానాతో ఉత్తర సర్కారులు, అంటే కోస్తా తెలుగు నేల, కంపెనీకి రాసిచ్చినట్టయింది. అమెరికావాళ్ళు "మా ప్రతినిధి లేని సభ మా మీద పన్నెలా వేస్తుంది?" అని లేచారు. మన వైపు అలా అడగడానికి సభే లేదు.

1773 నాటికి కంపెనీ దివాలా అంచుకు వచ్చింది. దాన్ని గట్టెక్కించడానికి లండన్ పార్లమెంటు టీ చట్టం చేసి, కంపెనీ టీని నేరుగా అమెరికాలో అమ్ముకోనిచ్చింది. ఆ ఏడు డిసెంబరు 16 రాత్రి బోస్టన్ రేవులో జనం 342 పెట్టెల టీ నీళ్ళలో పారబోశారు. ఆ టీ చైనాది, కానీ కంపెనీ మన మీద పెత్తనం చేసిన కంపెనీయే.

1775లో యుద్ధం మొదలైంది. 1776 జులై 4న ప్రకటన వెలువడింది. 1778లో ఫ్రాన్సు అమెరికా పక్షాన చేరేసరికి యుద్ధం మన గడప దాకా వచ్చింది. ఇంగ్లీషువాళ్ళు ఫ్రెంచివాళ్ళ పుదుచ్చేరిని, తర్వాత మాహేని పట్టుకున్నారు. మాహే తన రక్షణలో ఉందని చెప్పుకున్న హైదరలీ 1780లో కర్ణాటక రాజ్యం మీదికి దిగాడు. కాంచీపురం దగ్గర పొల్లిలూరులో కంపెనీ సేనను చిత్తు చేశాడు. మరుసటి ఏడు 1781 సెప్టెంబరు 27న మన పక్కనున్న షోళింగర్ దగ్గర ఐర్ కూట్ చేతిలో వెనక్కి తగ్గాడు. నరసింహస్వామి కొండకు మొక్కు తీర్చుకోవడానికి మనం పోయే ఆ ఊరే.

సరిగ్గా ఆ మర్నాడు, సెప్టెంబరు 28న, అక్కడ వాషింగ్టన్ సైన్యం, ఫ్రెంచి సైన్యం కలిసి యార్క్‌టౌన్‌ను చుట్టుముట్టడానికి కదిలాయి. అక్టోబరు 19న కారన్‌వాలిస్ సేన ఆయుధాలు దించింది. 1782లో పెన్సిల్వేనియా వాళ్ళు తమ యుద్ధనౌక ఒకదానికి హైదరలీ పేరే పెట్టుకున్నారు. ఆ నౌక ఏప్రిల్‌లో డెలావేర్ అఖాతంలో ఇంగ్లీషు నౌకను పట్టేసింది. అదే ఏడు డిసెంబరులో హైదరలీ చిత్తూరు దగ్గర దండులోనే కన్నుమూశాడు. 1783లో కడలూరు ముట్టడి ఆగింది కూడా యూరపులో సంధి కుదిరిందన్న కబురు ఓడలో వచ్చాకే.

యార్క్‌టౌన్‌లో ఓడిన కారన్‌వాలిస్ 1786లో మనకే గవర్నర్ జనరల్‌గా వచ్చాడు. 1793లో బెంగాల్‌లో ఆయన పెట్టిన శాశ్వత శిస్తు పద్ధతి 1802లో మద్రాసు ప్రెసిడెన్సీకి పాకింది. మన తిరుత్తణి ప్రాంతం తర్వాత ఎంతోకాలం కార్వేటినగరం జమీ కింద నడిచింది. అక్కడ పోయిన పెత్తనాన్ని వాళ్ళు ఇక్కడ గట్టిగా బిగించుకున్నారు.

గెలిచిన తర్వాతే అసలు పని

పిల్లల పాఠాల్లో జులై 4తో పండగ అయిపోతుంది. మా దృష్టిలో ఆ తర్వాతి పదిహేనేళ్ళే అసలు కథ. స్వాతంత్ర్యం ప్రకటించుకున్న రోజుకు అక్కడ ఒక దేశం లేదు, పదమూడు రాజ్యాలున్నాయి. 1781లో అమల్లోకి వచ్చిన మొదటి ఒప్పందం ప్రకారం కేంద్ర కాంగ్రెసుకు పన్ను వేసే అధికారమే లేదు. రాష్ట్రాల్ని అడుక్కోవాలి, వాళ్ళు ఇస్తే ఇస్తారు, లేకుంటే లేదు. సైనికులకు జీతాలు ఇవ్వలేకపోయారు. 1786లో మసాచుసెట్స్‌లో అప్పుల్లో మునిగిన రైతులు కోర్టుల్ని మూయించే దాకా పోయారు.

అప్పుడు 1787 వేసవిలో ఫిలడెల్ఫియాలో 55 మంది కూర్చున్నారు. రోడ్ ఐలండ్ అనే చిన్న రాష్ట్రం ఎవర్నీ పంపనే లేదు. పెద్ద రాష్ట్రాలు జనాభా లెక్కన సీట్లు కావాలన్నాయి. చిన్నవి "మీ సంఖ్య కింద మేము నలిగిపోతాం" అన్నాయి. చివరికి ఒక సభలో జనాభా లెక్క, ఇంకో సభలో పెద్దాచిన్నా లేకుండా రాష్ట్రానికి ఇద్దరు అని రాజీ పడ్డారు. సెప్టెంబరు 17న 39 మంది సంతకాలు పెట్టారు. వర్జీనియా పెద్దమనిషి జార్జి మేసన్ పెట్టలేదు. జనం హక్కుల పట్టిక ఇందులో ఏదీ అన్నది ఆయన ముఖ్యమైన అభ్యంతరాల్లో ఒకటి.

ఆ రాజ్యాంగం ఆమోదం పొందిన లెక్కలు చూస్తే గుండె ఝల్లుమంటుంది. మసాచుసెట్స్‌లో 187–168. వర్జీనియాలో 89–79. న్యూయార్కులో 30–27. అన్నిటికంటే ఆఖర్న రోడ్ ఐలండ్, 1790లో, 34–32. ఇంత సన్నటి అంచు మీద నిలబడిన కట్టడం పడిపోకపోవడానికి కారణం ఒక మాట. "ముందు ఒప్పుకోండి, హక్కుల్ని సవరణలుగా చేరుస్తాం" అన్న మాట. అలాంటి పట్టిక అవసరమేముందని మొదట అనుకున్న జేమ్స్ మాడిసనే 1789లో సవరణలు తెచ్చాడు. 1791 డిసెంబరు 15న పది సవరణలు రాజ్యాంగంలో చేరాయి. భయపడ్డవాళ్ళు గొంతెత్తి అడిగారు కాబట్టే ఆ పది వచ్చాయి. మెజారిటీ వాళ్ళంతట వాళ్ళు తలుచుకొని ఇచ్చినవి కావు.

అడగడానికి వీల్లేనివాళ్ళకు ఏమీ రాలేదు, అది కూడా పిల్లలకు చెప్పాలి. బానిస వ్యాపారాన్ని తప్పుబడుతూ జెఫర్సన్ రాసిన భాగాన్ని 1776లోనే కొట్టేశారు. 1787లో సీట్ల లెక్కకు బానిసల్ని ఐదింట మూడు వంతుల మనుషులుగా లెక్కగట్టారు. 1783 సంధిలో ఆ నేల అసలు వారసులైన ఆదివాసి జాతుల్ని ఎవరూ పిలవలేదు, వాళ్ళ భూములు మాత్రం చేతులు మారాయి. 1790 చట్టం పౌరసత్వం పొందే వీలును స్వేచ్ఛగా ఉన్న తెల్లవాళ్ళకే ఇచ్చింది. ఆ మాట మనవాళ్ళ దాకా వచ్చింది. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులు ఆ లెక్కలోకి రారని అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. 1946లో గానీ ఆ తలుపు తెరుచుకోలేదు.

మన గీత ఎట్లా జరిగింది

ఇప్పుడు మన సంగతి. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడింది, తిరుత్తణి అందులో ఉంది. తెలుగు, తమిళం రెండూ ఒకే సంతలో మాట్లాడుకునే నేల ఇది. అప్పుడు అందరం మద్రాసు ప్రెసిడెన్సీలోనే కాబట్టి ఏ భాషవాడిది ఏ ఊరు అన్న పేచీ పెద్దగా లేదు. ప్రత్యేకాంధ్ర ఉద్యమం పెరిగాక పేచీ వచ్చింది. పొట్టి శ్రీరాములు గారు మద్రాసులో 58 రోజులు నిరాహారంగా ఉండి 1952 డిసెంబరు 15న ప్రాణం విడిచారు. అమెరికా హక్కుల పట్టిక పుట్టిన తేదీ కూడా డిసెంబరు 15 కావడం కాకతాళీయమే కానీ, మనకు గుర్తుపెట్టుకోవడానికి సులువు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. మద్రాసు నగరం రాలేదు. చిత్తూరు జిల్లాతోపాటు మనం ఆంధ్రలోకి పోయాం. మ.పొ.శివజ్ఞానం లాంటి తమిళ నాయకులు ఉత్తర సరిహద్దు ఉద్యమం నడిపారు, తిరుత్తణి కావాలన్నారు, తిరుపతి కూడా అడిగారు. మన వైపు వాళ్ళు అటు పక్క తెలుగు ఊళ్ళు కావాలన్నారు. మధ్యవర్తిగా పటాస్కర్ గారు ఊరిని ఒక యూనిట్‌గా తీసుకొని, జనాభా లెక్కల్లో ఏ భాష ఎక్కువో, ఏ ఊరు ఏ ఊరికి ఆనుకొని ఉందో చూసి తీర్పు చెప్పారు. దాని మీద పార్లమెంటు 1959లో సరిహద్దుల మార్పు చట్టం చేసింది. అప్పుడు రాజ్యసభకు అధ్యక్షుడు మన తిరుత్తణిలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారే. 1960 ఏప్రిల్ 1 నుంచి తిరుత్తణి, పళ్ళిపట్టు వైపు మనం మద్రాసు రాష్ట్రం వాళ్ళమయ్యాం. సత్యవేడు వైపు ఊళ్ళు ఆంధ్రకు పోయాయి.

ఆ తీర్పు తప్పని మేము అనడం లేదు. ఏదో ఒక లెక్క పెట్టుకోకుంటే గీత గీయలేరు. కానీ ఏ లెక్క పెట్టినా గీతకు అటూ ఇటూ కొందరు మిగిలిపోతారు. ఊళ్ళో నూటికి అరవై మంది ఒక భాష అయితే, మిగతా నలభై మంది ఆ రాత్రికి రాత్రి మైనారిటీ అయిపోతారు. మనలో చాలామంది ఎక్కడికీ వలస పోలేదు. మనం ఉన్నచోటే ఉన్నాం, గీత మన మీదుగా జరిగింది. సత్యవేడు వైపు తమిళ కుటుంబాలదీ ఇదే కథ. బళ్ళారి, కోలారు, హోసూరు, బరంపురం, రాయగడ వైపు ఉన్న మన తెలుగువాళ్ళు ఈ మాట చదివి తల ఊపుతారని మాకు తెలుసు.

మనకూ ఒక హక్కుల పట్టిక ఉంది

చాలామందికి తెలియని సంగతి ఇదే. 1956లో దేశమంతా భాషల వారీగా రాష్ట్రాల్ని విడదీసినప్పుడు, మిగిలిపోయేవాళ్ళ భయం ఢిల్లీకి తెలియకపోలేదు. అందుకే ఆ విభజన కోసం తెచ్చిన రాజ్యాంగ ఏడో సవరణలోనే రెండు అధికరణాలు చేర్చారు. 350-ఎ ప్రకారం భాషా మైనారిటీల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు చెప్పించే ఏర్పాటుకు ప్రతి రాష్ట్రం ప్రయత్నించాలి. 350-బి ప్రకారం ఆ మాట ఎలా అమలవుతోందో చూసి రాష్ట్రపతికి నివేదిక ఇచ్చే ఒక ప్రత్యేక అధికారి ఉండాలి. మన భాషను, సంస్కృతిని కాపాడుకునే హక్కు, మన బడులు మనం పెట్టుకునే హక్కు 29, 30 అధికరణాల్లో అంతకుముందే ఉన్నాయి.

గీత గీసినవాళ్ళే గీతతోపాటు మాట కూడా రాసిచ్చారు. 1791లో అమెరికావాళ్ళు చేసిన పనికి ఇది తోబుట్టువు లాంటిది.

ఆ మాటకు ఒక లెక్క కూడా ఉంది. 1949 ఆగస్టులో రాష్ట్రాల విద్యామంత్రులు సమావేశమై ఒక తీర్మానం చేశారు. ఒక తరగతిలో 10 మంది గానీ, బడి మొత్తంలో 40 మంది గానీ ఆ భాష పిల్లలు ఉంటే, ఆ భాషలో చెప్పడానికి కనీసం ఒక టీచరును ఇవ్వాలని. 1956లో కేంద్రం మైనారిటీల రక్షణల పత్రం తయారు చేసినప్పుడు ఈ తీర్మానాన్ని ఆధారం చేసుకుంది.

పది మంది. అంతే. ఆర్.కె.పేట చుట్టుపక్కల ఏ తెలుగు వీధిలో చూసినా ఒక ఈడు పిల్లలు పది మంది దొరకరా? దొరుకుతారు. బడి ఫారంలో మాతృభాష గడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం మాయమైపోతారు. "ఏముందిలే, తమిళం అని రాసేయ్, తర్వాత ఇబ్బంది ఉండదు" అని మనమే రాసేస్తాం. ఇంట్లో తెలుగు, కాగితం మీద తమిళం. తర్వాత తెలుగు సెక్షన్ మూసేశారని, తెలుగు పోస్టు భర్తీ చేయలేదని పెళ్ళిళ్ళలో కూర్చొని బాధపడతాం. అధికారి దగ్గర ఉండేది ఫారం. మన ఇంటి మాటలు అతనికి వినపడవు.

పెన్సిల్వేనియా జర్మన్ల దారి

అమెరికా కథలో మనలాంటివాళ్ళు ఎవరూ అంటే పెన్సిల్వేనియా జర్మన్లు. 1683 నుంచి వచ్చి స్థిరపడ్డారు. స్వాతంత్ర్య యుద్ధం నాటికి ఆ రాష్ట్రంలో దాదాపు మూడో వంతు వాళ్ళేనని చరిత్రకారుల అంచనా. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1732లో వాళ్ళ కోసం జర్మన్ పత్రిక అచ్చేశాడు. అదే ఫ్రాంక్లిన్ 1751 నాటికి వీళ్ళు మనల్ని జర్మన్లుగా మార్చేస్తారేమోనని చిరాకు పడ్డాడు. పక్క భాషవాడి మీద మెజారిటీకి వచ్చే ఈ రెండు రకాల బుద్ధీ కొత్తదేం కాదు.

స్వాతంత్ర్య ప్రకటన వెలువడిన కొద్ది రోజులకే ఫిలడెల్ఫియాలో దాని జర్మన్ అనువాదం అచ్చయింది. 1787లో రాజ్యాంగాన్ని కూడా జర్మన్‌లో అచ్చేసి పంచారు. మొదటి ప్రతినిధుల సభకు స్పీకరు ఫ్రెడరిక్ ముహ్లెన్‌బర్గ్ జర్మన్ కుటుంబం వాడు. 1794లో వర్జీనియా జర్మన్లు కొందరు చట్టాల్ని తమ భాషలో కూడా అచ్చేయమని అర్జీ పెట్టారు. 1795 జనవరిలో ఆ చర్చను తర్వాత కొనసాగిద్దామన్న ప్రతిపాదన 42–41 ఓట్లతో వీగిపోయింది. ఒక్క ఓటుతో జర్మన్ అధికార భాష కాకుండా పోయిందని కథలు చెప్తారు. అది అబద్ధం. వాళ్ళు అడిగింది అనువాదమే.

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేసరికి జర్మన్ మీద కోపం లేచింది. నెబ్రాస్కా రాష్ట్రం 1919లో ఎనిమిదో తరగతి పూర్తికాని పిల్లలకు ఇతర భాషలు నేర్పడాన్ని నేరం చేసింది. రాబర్ట్ మేయర్ అనే టీచరు ఒక పదేళ్ళ అబ్బాయికి జర్మన్‌లో పాఠం చెప్పినందుకు 25 డాలర్ల జరిమానా పడింది. ఆయన ఊరుకోలేదు. 1923లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. రాజ్యాంగం ఇచ్చిన స్వేచ్ఛను ఒక బడిపంతులు కోర్టుకెక్కి రాబట్టుకున్నాడు.

కానీ అప్పటికే చాలా కుటుంబాలు భయపడి ఇంట్లో జర్మన్ మానేశాయి. ఇవాళ పెన్సిల్వేనియాలో పాత జర్మన్ మాట ఎవరి దగ్గర బతికి ఉందంటే ముఖ్యంగా ఆమిష్ అనే మతస్థుల దగ్గర. వాళ్ళ బడిలో ఇంగ్లీషు, ఇంట్లో తమ మాట. వాళ్ళకు 350-ఎ లాంటి అధికరణం లేదు, భాషా మైనారిటీల అధికారి లేడు. ఇల్లు ఉంది. మనకు అధికరణం ఉంది, అధికారి ఉన్నాడు. ఇల్లు ఉందా అన్నదే మా ప్రశ్న.

కొన్ని మాటలకు జవాబు

"తమిళనాట బతుకుతూ తెలుగు అంటే తమిళులకు ఎదురు తిరిగినట్టు కాదా?" అని మన వాళ్ళే అడుగుతారు. కాదు. తమిళం మనకు పరాయి భాష కాదు, పక్కింటి భాష, సంత భాష, చాలా ఇళ్ళలో కోడళ్ళ భాష. 2006 చట్టం తమిళాన్ని బడుల్లో ఒకటో తరగతి నుంచి మెట్టు మెట్టుగా తప్పనిసరి చేసింది. మన పిల్లలు తమిళం బాగా నేర్చుకోవాల్సిందే, ఈ నేల మీద ఉన్నందుకు అది మర్యాద కూడా. మేము అడుగుతున్నది తమిళానికి బదులు తెలుగు కాదు, తమిళంతోపాటు తెలుగు. చిన్న రాష్ట్రాలు సెనేటులో ఇద్దరిని అడిగినప్పుడు పెద్ద రాష్ట్రాల్ని తీసేయమనలేదు కదా.

"ఇంగ్లీషు వస్తే చాలు, తెలుగు కూడు పెడుతుందా?" అని ఇంకొందరు. ఇది కొట్టిపారేసే మాట కాదు. మగ్గం మీద రోజంతా కూర్చున్నా గిట్టుబాటు కాని ఇంటివాళ్ళకు బిడ్డ ఉద్యోగమే ముఖ్యం. అయితే తెలుగు చదవడం వస్తే ఇంగ్లీషు రాకుండా పోదు. తిరుత్తణిలో మొదలుపెట్టి తిరుపతి, వేలూరు, మద్రాసుల్లో చదువుకున్న రాధాకృష్ణన్ గారు ఆక్స్‌ఫర్డ్‌లో పాఠాలు చెప్పారు, 1963లో రాష్ట్రపతిగా అమెరికా పోయి కెన్నడీ పక్కన నిలబడ్డారు. తెలుగు ఇల్లు ఆయనకు అడ్డు కాలేదు.

"అమెరికాలో అందరి భాషలూ కరిగిపోయాయి, మనవీ అంతే" అనేది మూడో మాట. కరిగిపోయినవి చాలా ఉన్నాయి, నిజమే. కానీ అవన్నీ వాటంతటవే కరగలేదు. కొన్ని భయంతో పోయాయి, కొన్ని సిగ్గుతో పోయాయి, కొన్ని బద్ధకంతో పోయాయి. మన దగ్గర భయపెట్టేవాళ్ళు ఎవరూ కనపడటం లేదు. పోతే సిగ్గుతోనో బద్ధకంతోనో పోవాలి.

మేము కోరేది

పెద్ద ఉద్యమాలు కోరడం లేదు. వచ్చే జూన్‌లో బిడ్డను బళ్ళో చేర్చేటప్పుడు మాతృభాష గడిలో తెలుగు అని రాయండి. మీ వీధిలో అదే ఈడు బిడ్డలున్న తొమ్మిది ఇళ్ళ వాళ్ళతో ముందే మాట్లాడుకొని ఒకే బడికి పోండి. హెడ్మాస్టరుకు నోటితో చెప్పి వచ్చేయకుండా, అందరూ సంతకాలు పెట్టిన అర్జీ ఇచ్చి, దాని నకలు మీద ముద్ర వేయించుకోండి. జవాబు రాకపోతే భాషా మైనారిటీల కమిషనరుకు రాయండి. ఆ పదవి ఉన్నది అందుకే. జనాభా లెక్కల వాళ్ళు వచ్చినప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారో అదే చెప్పండి. 1960లో మన ఊరి తలరాత రాసింది ఆ లెక్కలే.

అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్న మన పిల్లల తల్లిదండ్రులకు ఇంకో మాట. అక్కడి బడిలో పదమూడు కాలనీల పాఠం వచ్చినప్పుడు పక్కన కూర్చొని షోళింగర్ సంగతి, 1960 ఏప్రిల్ 1 సంగతి కూడా చెప్పండి. తెలుగులో చెప్పండి. వాళ్ళకు సగమే అర్థమైనా ఫర్వాలేదు, మిగతా సగం అడుగుతారు.

1787లో ఆ 39 మంది సంతకాలు పెట్టిన కాగితం ఇవాళ్టికీ నిలబడి ఉందంటే కారణం వాళ్ళ గొప్పతనం ఒక్కటే కాదు. అందులో చోటు దొరకనివాళ్ళు తరం తర్వాత తరం వచ్చి "మా చోటేది?" అని అడుగుతూనే ఉన్నారు. మన చోటు 1956లోనే కాగితం మీద రాసి ఉంది. పది మంది పిల్లల పేర్లు రాయాల్సింది మనం.